ఎడమ బ్లేడా, కుడి బ్లేడా: సర్క్యులర్ సా మీద అపోహలు, వాస్తవాలు

రెండు సర్క్యులర్ సాలు (గుండ్రటి బ్లేడ్‌తో చెక్క కోసే చేతి మెషీన్లు) పక్కపక్కన పెడితే ముందుగా వచ్చే ప్రశ్న, "ఇది ఎడమచేతి వాళ్ళదా?" అని. ఇక్కడ ఎడమ, కుడి అన్నవి చేతికి సంబంధించినవి కావు. మెషీన్ వెనక నిలబడి పిడి పట్టుకున్నప్పుడు మోటారుకి ఎటువైపు బ్లేడ్ ఉందో అదే దాని పేరు.

అపోహ: కుడిచేతి వాటానికి కుడి బ్లేడ్, ఎడమచేతి వాటానికి ఎడమ బ్లేడ్.

వాస్తవం: చూపు వరకూ ఇది తలకిందులు. కుడిచేత్తో పట్టుకుంటే మన తల మెషీన్‌కి ఎడమ పక్కన ఉంటుంది. కుడి బ్లేడ్ అయితే కంటికీ కోయాల్సిన పెన్సిల్ గీతకీ మధ్య మోటారు అడ్డం. మెడ వంచి అవతలికి తొంగిచూడాలి, లేదా బేస్ (చెక్క మీద ఆనే అడుగు పలక) ముందంచున ఉన్న గాడిని నమ్ముకోవాలి. ఎడమ బ్లేడ్ అయితే పళ్ళు గీత మీద పడటం సూటిగా కనిపిస్తుంది. ఎడమచేతి వాళ్ళకి అలా కనిపించేది కుడి బ్లేడ్. అయితే ఈ సౌకర్యం ఊరికే రాదు, బ్లేడ్ ఒంటికి దగ్గరవుతుంది. మెషీన్ వెనక్కి తన్నితే కోత గీత వెంబడే వస్తుంది కాబట్టి ఆ గీతకి పక్కగా జరిగి నిలబడాలి.

అపోహ: గీత బాగా కనిపించే మెషీనే మంచి మెషీన్.

వాస్తవం: చాలామంది బోర్లా పడేది ఇక్కడే. బేస్ ప్లేట్ బ్లేడ్‌కి రెండు పక్కలా సమానంగా ఉండదు. మోటారు వైపు వెడల్పు, బ్లేడ్ అవతల సన్నం. బరువంతా వెడల్పు వైపే. అది నిలిచి ఉండే చెక్క మీద కూర్చోవాలి గానీ ఊడిపడే ముక్క మీద కాదు.

8x4 ప్లైవుడ్ షీటు కుడి చివర నుంచి ఆరంగుళాల పట్టీ తీస్తున్నారనుకోండి. కుడి బ్లేడ్ అయితే మోటారు పెద్ద షీటు మీద నిమ్మళంగా సాగుతుంది, పట్టీ దానంతటదే విడిపోతుంది. అదే కోత ఎడమ బ్లేడ్‌తో కోస్తే బరువు పట్టీ మీద పడుతుంది. చివరి రెండంగుళాల్లో పట్టీ వంగి, మెషీన్ దాంతోపాటు ఒరిగి, మూల చీలిపోతుంది. ఎడమ బ్లేడే ఉంటే షీటుని ముందే తిప్పి పట్టీ ఎడమకి వచ్చేలా పెట్టుకోవాలి.

నేల మీద రెండంగుళాల థర్మోకోల్ పరిచి దానిమీద షీటు పెడితే ఈ గొడవే లేదు, రెండు ముక్కలకీ ఆసరా ఉంటుంది. 19 మి.మీ. ప్లైకి లోతు 25 మి.మీ. పెడితే చాలు, పళ్ళు అవతలికి 6 మి.మీ. దిగుతాయి. షీటుని రెండు చివర్లా స్టూళ్ళ మీద పెట్టి మధ్యలో మాత్రం కోయకండి. కోత సందు పైన మూసుకుని బ్లేడ్‌ని పట్టేస్తుంది, మెషీన్ తన్నేది అప్పుడే.

ఇంకోటి: స్కేలు బిగించి దాని వెంట కోసేవాళ్ళకి గీత కనిపించడంతో పెద్ద పని లేదు. తుక్కు చెక్క మీద ఒకసారి కోసి, బేస్ అంచు నుంచి కోత దాకా ఎన్ని మి.మీ. ఉందో కొలిచి మెషీన్ మీదే రాసుకుంటే సరిపోతుంది. మా ఓటు: షీటు పని ఎక్కువగా చేసే కుడిచేతి వాళ్ళకి కుడి బ్లేడ్, పెన్సిల్ గీత వెంట చేత్తో అడ్డకోతలు కోసేవాళ్ళకి ఎడమ బ్లేడ్.

అపోహ: బ్లేడ్‌ని పట్టి ఉంచే బోల్టు ఎప్పుడైనా ఎడమకి తిప్పితేనే ఊడుతుంది.

వాస్తవం: కుడి బ్లేడ్ మెషీన్‌లో అంతే. ఎడమ బ్లేడ్‌లో మర తిరగేసి ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే వదులవుతుంది. తిరిగే వేగానికి బోల్టు వదులవకుండా, మరింత బిగుసుకునేలా చేసిన ఏర్పాటు ఇది. తెలియక అలెన్ కీకి (బోల్టు తిప్పే ఆరు పలకల కీ) పైపు తొడిగి ఎడమకే తిప్పితే బోల్టు తల అరిగి గుండ్రమైపోతుంది. గుర్తు ఒక్కటే: బ్లేడ్ ఎటు తిరుగుతుందో కీ అటు తిప్పితే ఊడుతుంది. ముందు ప్లగ్ గానీ బ్యాటరీ గానీ తీసేయండి.

అపోహ: ఎడమ మెషీన్‌కి వేరే బ్లేడ్ కొనాలి.

వాస్తవం: అక్కర్లేదు. సైజు, మధ్య రంధ్రం సరిపోతే అదే బ్లేడ్ రెండింటికీ వస్తుంది. అచ్చు ఉన్న వైపు లోపలికి పోతుందేమో, పోనివ్వండి. బ్లేడ్ మీది బాణం గుర్తు గార్డ్ (బ్లేడ్‌ని కప్పే తొడుగు) మీది బాణంతో కలవాలి, ముందువైపు పళ్ళు కింది నుంచి పైకి లేవాలి, అంతే.

అపోహ: ఎడమ బ్లేడ్ కోత నున్నగా వస్తుంది.

వాస్తవం: రెండింట్లోనూ పళ్ళు కింది నుంచి పైకే కోస్తాయి కాబట్టి పెచ్చులు లేచేది పైముఖం మీదే. సన్‌మైకా వేసిన మంచి ముఖం కిందికి పెట్టండి, 24 పళ్ళ బ్లేడ్ తీసి 40 గానీ 60 గానీ వేయండి.

అపోహ: బ్యాటరీ మెషీన్లన్నీ ఎడమ, వైరు మెషీన్లన్నీ కుడి.

వాస్తవం: ఎక్కువగా అలా కనిపిస్తాయి గానీ నియమమేమీ కాదు. అమెరికాలో 1937లో వచ్చిన స్కిల్ 77 వైరు మెషీనే, బ్లేడ్ మాత్రం ఎడమ వైపు.

ఎడమచేతి వాళ్ళు డబ్బు కట్టేముందు ప్లగ్ పెట్టకుండానే మెషీన్ పట్టుకుని చూడండి. స్విచ్ లాక్ బటన్ బొటనవేలికి అందుతోందా, కింది గార్డ్ లేపే మీట కోసం చెయ్యి బ్లేడ్ ముందుకి పోతోందా, పొట్టు వచ్చే రంధ్రం మొహం వైపుకి ఉందా. ఈ మూడింటి తర్వాతే బ్లేడ్ ఎటువైపన్న బేరం.