నర్సమ్మ బండెక్కిన నాటి నుంచి

వానలు పడి, ఏదో ఒక హాస్టల్లో పిల్లలు వాంతులు, విరేచనాలతో ఆసుపత్రికి చేరగానే కర్నూలు, అనంతపురం, కడప మూడు చోట్లా పాత ప్రశ్నే మళ్లీ లేస్తోంది. గురుకులాల్లో, కేజీబీవీల్లో (కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో) ఉన్న ఏఎన్ఎం, అంటే టీకాలు, కాన్పుల పని నేర్చిన సహాయక నర్సు, సరిపోతుందా? పిల్లల వార్డులో పనిచేసిన స్టాఫ్ నర్సు కావాలా?

బడి పిల్లలకు ఆరోగ్య సేవలు ఉండాలని 1946లో భోర్ కమిటీ, 1961లో రేణుకా రాయ్ కమిటీ చెప్పాయి. ఇప్పటి గొడవకు మూలం అక్కడ లేదు, 2010కీ 2013కీ మధ్య ఉంది.

ఉమ్మడి రాష్ట్రంలో 2010 నవంబర్ 14న బడి పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే జవహర్ బాల ఆరోగ్య రక్ష పథకం మొదలైంది. 2013 ఫిబ్రవరిలో కేంద్రం అలాంటిదే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం తెచ్చింది. పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ల దాకా, 30 రకాల సమస్యలు, నాలుగు వర్గాలు: పుట్టుకతో వచ్చే లోపాలు, పోషక లోపాలు, జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యం. ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక ఫార్మసిస్టు, ఒక ఏఎన్ఎం లేదా స్టాఫ్ నర్సు కలిసి ఒక బండిలో తిరుగుతారు. అంగన్‌వాడీకి ఏడాదికి రెండు సార్లు, బడికి ఒక్కసారి. దీనివల్ల మేలు జరగలేదని ఎవరూ అనరు. గుండెలో రంధ్రం, గ్రహణమొర్రి, వినికిడి లోపం లాంటివి బయటపడి, ఆపరేషన్ల దాకా వెళ్లిన పిల్లలు ఉన్నారు.

కానీ బడి నర్సు పని అక్కడే మారిపోయింది. కనిపెట్టుకుని ఉండే మనిషి, కనిపెట్టి పంపించే మనిషి అయింది. నర్సమ్మ బడిలో కాకుండా బండిలో కూర్చుంది. ఆ తర్వాత వచ్చిన ప్రతి నిర్ణయమూ అదే దారి పట్టింది. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాయి. అక్కడి ఏఎన్ఎంకు ఉన్న పనుల్లో బడి ఒకటి. 2020 ఫిబ్రవరిలో ఆయుష్మాన్ భారత్ కింద ప్రతి బడిలో ఇద్దరు టీచర్లను ఆరోగ్య రాయబారులుగా పెట్టమన్నారు. వచ్చి చూసేవాళ్లు, చెప్పేవాళ్లు పెరిగారు. రాత్రి రెండింటికి జ్వరం చూసే మనిషి మాత్రం పెరగలేదు.

అధికారుల వాదన కొట్టిపారేయదగ్గది కాదు. హాస్టల్లో ఏఎన్ఎం ఉంది, దగ్గరలో పీహెచ్‌సీ ఉంది, పిలిస్తే 108 వస్తుంది, ఉన్న డబ్బు ఆసుపత్రులకే చాలడం లేదు అంటారు. ఆ జాబితాలో మొదటి మాటే తేడా కొడుతోంది.

ఏఎన్ఎం కోర్సు రెండేళ్లు. అందులో బరువంతా గర్భిణి, కాన్పు, టీకాలు, పసిబిడ్డల మీద ఉంటుంది. బడి ఆరోగ్యం పిల్లల సబ్జెక్టులో ఒక భాగం మాత్రమే. జబ్బు పిల్లలను చూడటానికి ఆమె చేతికిచ్చే ఐఎంఎన్‌సీఐ చార్టు (జబ్బు గుర్తు పట్టి ఏం చేయాలో చెప్పే పట్టిక) ఐదేళ్ల వయసు దగ్గర ఆగిపోతుంది. హాస్టల్లో ఉండేది పది నుంచి పదహారేళ్ల వాళ్లు. స్టాఫ్ నర్సులయ్యేది మూడేళ్ల జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా), నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లు, వాళ్లకు పిల్లల వార్డులో డ్యూటీలు ఉంటాయి. పిల్లల నర్సింగ్‌లో రెండేళ్ల ఎమ్మెస్సీ ఉంది, నవజాత శిశువుల సంరక్షణకు ఏడాది డిప్లొమా ఉంది. బడి నర్సుకు మాత్రం వేరే రిజిస్ట్రేషనే లేదు. ఇది ఏఎన్ఎం తప్పు కాదు. నేర్పని పని చేయమని పెట్టడం తప్పు.

తేడా ఎక్కడ తెలుస్తుందంటే, మొదట జ్వరం మాత్ర దగ్గర. పారాసిటమాల్ కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. ఐదో తరగతి పిల్ల 22 కిలోలుంటే 330 మించకూడదు. డబ్బాలో ఉన్నది 500 మాత్ర. సగం విరిచి ఇస్తే సరిపోతుంది. నిండు మాత్ర రోజుకు నాలుగు సార్లు పడితే కిలోకు 90 మిల్లీగ్రాములు దాటుతుంది, 60 దాటకూడదు. రోజుల తరబడి అలా సాగితే దెబ్బ తినేది కాలేయం. డెంగీ కాలంలో జ్వరం తగ్గలేదని ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ ఇవ్వడం ఇంకా ప్రమాదం, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

రెండోది గజ్జి. దురద ఉన్న పిల్లకే మందు పూస్తే పది రోజుల్లో గదంతా మళ్లీ మొదలవుతుంది. గదిలో నలభై మంది ఉంటే నలభై మందికీ ఒకే రాత్రి 5 శాతం పర్‌మెత్రిన్ క్రీము రాయాలి. మెడ నుంచి అరికాళ్ల దాకా, వేళ్ల సందులు, బొడ్డు, గజ్జలు, గోళ్ల కింద కూడా. ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఉంచి పొద్దున స్నానం. ఆ పొద్దునే దుప్పట్లు, బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయాలి. ఉతకలేనివి మూటకట్టి కనీసం మూడు రోజులు ముట్టకూడదు. వారం తర్వాత మళ్లీ ఒక విడత. పురుగు చచ్చినా దురద రెండు మూడు వారాలు ఉంటుంది. ఆ సంగతి తెలియక మందు పనిచేయలేదని రోజూ పూస్తే చర్మం మండి, గజ్జి పోలేదనే అనుకుంటారు.

మూడోది మూర్ఛ. చేతిలో తాళాలగుత్తి పెట్టడం, ముక్కు దగ్గర ఉల్లిపాయ పట్టడం ఇప్పటికీ ఉంది. చేయాల్సింది పక్కకు తిప్పి పడుకోబెట్టడం, నోట్లో ఏమీ పెట్టకపోవడం, గడియారం చూడటం. ఐదు నిమిషాలు దాటితే, డాక్టరు ముందే రాసిచ్చిన పిల్లకు ముక్కులో మూర్ఛ ఆపే మిడజోలం స్ప్రే, కిలోకు 0.2 మిల్లీగ్రాములు. నొక్కుకు అర మిల్లీగ్రాము వచ్చే సీసా అయితే 25 కిలోల పిల్లకు పది నొక్కులు, ఒక్కో రంధ్రంలో ఐదు. కంగారులో రెండు నొక్కులు కొట్టి ఆపేస్తే మందు ఇచ్చామన్న మాటే గానీ మూర్ఛ ఆగదు.

ఆదోని పక్క పల్లెల్లో ఇది ఇంకా బరువైన విషయం. కోసిగి, పెద్దకడుబూరు వైపు కుటుంబాలు గుంటూరు మిరప కోతలకు సుగ్గికి (వలస కూలికి) పోతే పిల్లలు సీజనల్ హాస్టళ్లలో ఉంటారు. జబ్బు చేస్తే అడగడానికి అమ్మ దగ్గర లేదు. పదేళ్లకు, పదహారేళ్లకు వేయాల్సిన టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి) టీకా వేశారో లేదో చెప్పే కార్డు ఊళ్లో ఎక్కడో ఉంటుంది. ఆదోని నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి దాదాపు వంద కిలోమీటర్లు. ఆ దూరంలో మొదటి గంట చూసుకోవాల్సింది హాస్టల్లో ఉన్న మనిషే.

స్టాఫ్ నర్సును ఒక్కరిని వేసినా లెక్క తేలదు. వారానికి 168 గంటలు. ఒక మనిషి 48 గంటలు చేస్తే మూడున్నర పోస్టులు కావాలి, సెలవులు కలిపితే నాలుగు. ఈ లెక్క పక్కన పెట్టి ఏఎన్ఎం బదులు నర్సా అని వాదించుకోవడం వల్లే ప్రతిసారీ చర్చ అక్కడే ఆగుతోంది.

పోస్టులు తేలేలోపు సిక్ రూమ్ గోడ మీద మందుల మోతాదు పట్టిక అతికించమని నర్సులు అడుగుతున్నారు. ఆ పట్టికలో మొదటి గడి బరువు. పది, పధ్నాలుగేళ్ల మధ్య పిల్లలు ఏడాదికి నాలుగైదు కిలోలు పెరుగుతారు. కార్డులో రాసి ఉన్న బరువు పోయినేడు బండి వచ్చిన రోజుది.