బంతి కంటే అర సెకను ముందు

అమెరికన్ ఫుట్‌బాల్ మైదానం వెడల్పు 160 అడుగులు, గజాల్లో 53 చిల్లర. బంతిని అడ్డుకునే జట్టు ‘కవర్ త్రీ’ అనే పద్ధతి ఆడినప్పుడు ఈ వెడల్పును వెనకాల ముగ్గురు పంచుకుంటారు. రెండు అంచుల్లో కార్నర్‌బ్యాక్‌లు, నడుమ ఒక సేఫ్టీ. తలా 17.8 గజాలు. కాగితం మీద చూస్తే పొలానికి గట్లు వేసి వాటాలు తెంచినట్టే ఉంటుంది. ఆట మొదలయ్యాక ఆ గట్లనే నమ్ముకున్న సేఫ్టీ మాత్రం దెబ్బతింటాడు. ఎందుకో తెలియాలంటే గజాలు వదిలి సెకన్లు లెక్కపెట్టాలి.

నడిమి సేఫ్టీ ఆట మొదలయ్యే గీతకు 12 నుంచి 14 గజాల వెనక నిలబడతాడు. ఎదుటి జట్టులో బంతి విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. అతను దూరంగా విసిరిన బంతి 45 గజాలు పోవడానికి సుమారు రెండున్నర సెకన్లు పడుతుంది. చెయ్యి కదలడం కంటికి ఆని కాలు కదిలేసరికే పావు సెకను ఖర్చు. మిగిలిన సమయంలో, అప్పటిదాకా వెనక్కి అడుగులేస్తున్న మనిషి తిరిగి వేగం అందుకుని 16, 17 గజాలు పోతే గొప్పే. అంచుగీతకు 5 గజాల లోపల పరిగెత్తే రిసీవర్ (బంతి అందుకోవాల్సినవాడు) సేఫ్టీకి దాదాపు 22 గజాల దూరంలో ఉంటాడు. అంటే బంతి గాల్లోకి లేచాక బయల్దేరితే అందదు. అర సెకను ముందు బయల్దేరితే మరో నాలుగు గజాల పైన కలిసొస్తుంది. చెయ్యి చాస్తే బంతి తగిలే దూరం అది.

ఆ అర సెకనును క్వార్టర్‌బ్యాక్ ఒంట్లోంచే దొరకబుచ్చుకోవాలి. అతను మూడడుగులు వెనక్కి వేసి ఆగితే సాధారణంగా బంతి దగ్గరకే వస్తుంది. అయిదు, ఏడు అడుగులు వేస్తే దూరానికి సిద్ధపడాలి. కళ్లను నమ్మకూడదు. ఆరితేరినవాడు ఎడమవైపు చూసి సేఫ్టీని అటు లాగి కుడివైపు విసురుతాడు. భుజాలు, ముందుకాలు అంత తేలిగ్గా అబద్ధమాడవు. దూరం విసిరేటప్పుడు ముందు భుజం పైకి లేస్తుంది. అన్నిటికన్నా పనికొచ్చే గుర్తు రెండో చెయ్యి. కుడిచేతి వాటం వాడైతే, ఎడమ చెయ్యి బంతిని వదిలిన క్షణమే సేఫ్టీ బయల్దేరే క్షణం. ఉత్తుత్తి విసురులో చాలాసార్లు ఆ చెయ్యి బంతిని అంటిపెట్టుకునే ఉంటుంది.

కవర్ త్రీకి పాత శత్రువు నలుగురు రిసీవర్లు ఒకేసారి మైదానం పొడవునా తిన్నగా పరిగెత్తడం. వెనక ఉన్నది ముగ్గురే. లోపలి ఇద్దరూ మైదానం నడుమ రెండు వరసల్లో గీసిన హ్యాష్ మార్కుల పక్కనుంచి పోతే సేఫ్టీ ఇద్దరికీ మధ్యనే ఉంటూ వెనక్కి పోవాలి. ఒకడి వైపు వాలాడా, రెండోవాడికి బంతి పడుతుంది. ఇక్కడ మైదానం గీతలే ఆటను మార్చేస్తాయి. వృత్తి ఆటగాళ్ల లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో రెండు హ్యాష్‌ల మధ్య దూరం 18 అడుగుల 6 అంగుళాలు, కాలేజీ ఆటలో 40 అడుగులు. ఆ గీతల మీదే ఇద్దరూ పరిగెత్తారనుకుంటే, ఎన్ఎఫ్ఎల్ సేఫ్టీ ఒక్కొక్కరికీ మూడు గజాల దూరంలో ఉంటాడు, కాలేజీ కుర్రాడు ఆరున్నర గజాలకు పైన. అనుభవం తక్కువవాడికే పెద్ద చేను అప్పజెప్పారన్నమాట. 2014 ఫిబ్రవరిలో సియాటిల్ సీహాక్స్ జట్టు ఎన్ఎఫ్ఎల్ ఫైనల్ సూపర్ బౌల్‌ను 43-8తో గెలిచిన రోజుల్లో కోచ్ పీట్ క్యారల్ కవర్ త్రీని అంత ధీమాగా ఆడించాడంటే నడుమ సేఫ్టీగా ఎర్ల్ థామస్ ఉండబట్టే. అతని కాళ్ల వేగం వల్ల రెండో సేఫ్టీని ముందుకు దించగలిగారు.

అంచున కార్నర్ పని వేరు. రిసీవర్‌కు 7, 8 గజాల ఎడంలో నిలబడి, బంతి కదలగానే వీపు అంచుగీత వైపు పెట్టి పక్కవాటంగా వెనక్కి పరిగెడతాడు. అప్పుడు రిసీవరూ క్వార్టర్‌బ్యాకూ ఒకే చూపులో ఉంటారు. ఎడం మూడు గజాలకు తగ్గకముందే వేగం పెంచాలి, తగ్గాక పెంచినా లాభం లేదు. అతని వాటాలోకి ఇద్దరు వస్తే పంచాయితీ లేదు, లోతుగా పోయేవాడిదే లెక్క. ముందు ఆగినవాడికి బంతి పడితే పడనీ, పదిహేను గజాలు పోతాయి, అంతే. ఆ పదిహేను గజాలకు ఆశపడి ముందుకు దూకేవాణ్ణే రిసీవర్ ఆగినట్టు నటించి, మళ్లీ దౌడు తీసి దాటిపోతాడు.

కవర్ టూలో వెనక ఇద్దరే సేఫ్టీలు, చెరి సగం. ఇద్దరి నడుమ బొక్క పడుతుంది. టాంపా బే బుకనీర్స్ జట్టు దాన్ని ముందు వరసకు కాస్త వెనక నడుమ నిలబడే మిడిల్ లైన్‌బ్యాకర్‌ను వెనక్కి పరిగెత్తించి పూడ్చింది, అందుకే ‘టాంపా టూ’ అన్న పేరు. 2003 జనవరి సూపర్ బౌల్‌లో ఆ జట్టు ఓక్లాండ్ విసిరిన అయిదు బంతుల్ని మధ్యలోనే పట్టేసింది. అందులో రెండు పట్టిన సేఫ్టీ డెక్స్టర్ జాక్సన్‌కే ఉత్తమ ఆటగాడి బహుమతి.

అన్నీ సరిగ్గా చదివినా చివరికి బంతి పడేచోటు అంచనా వెయ్యాలి. నేరుగా మన మీదికే వచ్చే క్యాచ్ ఎంత మోసం చేస్తుందో బౌండరీ దగ్గర ఫీల్డింగ్ చేసినవాళ్లకు తెలుసు. పక్కకు పోయే బంతి దారి కనిపిస్తుంది, ఎదురుగా వచ్చేది ఒక చుక్కలా పైకి లేస్తుందంతే. ఆ చుక్క లేచే తీరులోనే సమాధానం ఉందని 1968లో భౌతిక శాస్త్రవేత్త సెవిల్ చాప్‌మన్ బేస్‌బాల్ గురించి రాశాడు. చుక్క లేచే వేగం పెరుగుతూ పోతే బంతి మన తల దాటిపోతుంది, తగ్గుతూ పోతే మన ముందే పడుతుంది. మైదానంలో ఈ తేడా తెలిసేసరికి సగం సమయం అయిపోతుంది.

2013 జనవరి 12న డెన్వర్‌లో జరిగిందదే. డెన్వర్ జట్టు మీద బాల్టిమోర్ 28-35తో వెనకబడి ఉంది, ఆట ముగింపుకొచ్చేసింది. బాల్టిమోర్ క్వార్టర్‌బ్యాక్ జో ఫ్లాకో విసిరిన బంతి యాభై గజాలకు పైగా ఎగిరింది. డెన్వర్ సేఫ్టీ రహీం మూర్ ముందే వెనక్కి తిరిగి లోతుగా పరిగెత్తాల్సింది. అడ్డంగా వచ్చే కోణం పట్టి, చివర్లో ఎగిరి అందుకోబోయాడు. బంతి వేళ్ల మీదుగా పోయి రిసీవర్ జాకబీ జోన్స్ చేతిలో పడింది. మొత్తం 70 గజాలు పోయి అవతలి గీత దాటిన టచ్‌డౌన్, ఇంకా 31 సెకన్లు మిగిలే ఉన్నాయి. బాల్టిమోర్ రెండో ఓవర్‌టైమ్‌లో 38-35తో గెలిచింది.

దీనికి సాధన ఒకటుంది. కోచ్ బంతిని సేఫ్టీ తలమీదుగా విసురుతాడు. సేఫ్టీ ఒక్కసారి చూసి దిక్కు గుర్తుపెట్టుకుని, బంతి మీంచి కళ్లు తీసేసి నాలుగైదు అడుగులు పూర్తి వేగంతో పరిగెత్తి, తల తిప్పి మళ్లీ వెతుక్కోవాలి. బంతినే చూస్తూ వెనక్కి నడిచేవాడి కన్నా ఇలా పోయేవాడు లోతుకు ముందు చేరతాడు. కొత్తవాళ్లకు తల తిప్పాక మొదట్లో ఆకాశం తప్ప ఏమీ కనపడదు.