బేస్‌మెంట్ పూత ఎందుకు ఊడుతుంది: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఇరవై ఏళ్లుగా ఇళ్లు కడుతున్నాను. మొన్న నా పాత కస్టమర్ ఒకాయన కొడుకు కెనడాలోని కాల్గరీ నుంచి వాట్సాప్‌లో నాలుగు ఫొటోలు పెట్టాడు. వాళ్ల ఇంటి పునాది గోడ నేలకు జానెడు పైకి కనిపిస్తోంది. దానికి వేసిన సిమెంట్ పూత ఒక మూలన మాత్రం పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయింది. ఆ పూతని అక్కడ పార్జింగ్ అంటారు. "అన్నా, ఇక్కడి మేస్త్రీ చలికి ఇంతే అంటున్నాడు. సిమెంట్ ఎక్కువేసి గట్టిగా పూయిస్తే నిలుస్తుందా?" అని అడిగాడు. నవ్వొచ్చింది. మంగళం, రేణిగుంట రోడ్డు వైపు నన్ను వారానికొకరు అడిగే ప్రశ్నే ఇది. చలి ఒక్కటే కొత్త.

అపోహ: సిమెంట్ ఎంత ఎక్కువుంటే పూత అంత గట్టి.

ఈ తప్పు నేనూ చేశాను. కొత్తలో ఒక ఇంటి ఇటుక బేస్‌మెంట్‌కి సిమెంట్, ఇసుక 1:3 పాళ్లలో మాలు కలిపి పూశాను. ఓనరూ సంతోషించాడు, నేనూ సంతోషించాను. నెల తిరగకముందే సాలెగూడులా నెర్రెలు వచ్చాయి. ఆ నవంబరు వానలకు నీళ్లు వాటిలోంచి లోపలికి దిగి, పూత అప్పడంలా ఉబ్బింది. తాపీ పిడితో తడితే బోలు శబ్దం. సొంత డబ్బుతో మొత్తం చెక్కించి మళ్లీ పూశాను.

సిమెంట్ ఎక్కువైతే ఆరేటప్పుడు పూత ఎక్కువగా కుంచించుకుపోతుంది. వెనక గోడ మెత్తగా, పైపూత బిరుసుగా ఉంటే రెండూ కలిసి కదలవు, మధ్యలో పట్టు వదిలేస్తుంది. బయటి గోడకు 1:4 చాలు. పాత మెత్తటి ఇటుకైతే సిమెంట్ ఇంకా తగ్గించి కొంచెం సున్నం కలుపుతాను. అబ్బాయి వాళ్ల ఊళ్లోనూ సిమెంట్, సున్నం, ఇసుక 1:1:6 పాళ్ల మాలు వాడుకలో ఉన్నదే.

అపోహ: పూతను పగలగొట్టేది చలి.

చలి కాదు, పూతలో చేరిన నీళ్లు. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. ఒకసారి గడ్డకట్టి అలాగే ఉండిపోతే అంత నష్టం లేదు. కరగడం, మళ్లీ గడ్డకట్టడం, ఇదే పూతను తినేస్తుంది. కాల్గరీకి చినూక్ అనే వెచ్చటి గాలి వస్తుంది. నడి చలికాలంలో మంచు కరిగి, గాలి తగ్గాక మళ్లీ గడ్డకడుతుంది. అందుకే అక్కడి మాలులో సన్నటి గాలి బుడగలు పుట్టించే మందు కలుపుతారు. గడ్డకట్టే నీటికి ఆ బుడగల్లో చోటు దొరుకుతుంది. పాలిమర్ కలిపిన రెడీమేడ్ బస్తా కొన్నా, గడ్డకట్టడం కరగడం తట్టుకుంటుందని దాని మీద రాసి ఉందో లేదో చూసుకోమన్నాను.

మనకు ఆ గొడవ లేదు. మన దగ్గర అదే పని ఉప్పు చేస్తుంది. నేల చెమ్మతో గోడలోకి ఎక్కిన ఉప్పు, నీరు ఆరిపోయాక పూత వెనక పలుకులు కట్టి దాన్ని బయటికి తోస్తుంది. బేస్‌మెంట్ మీద తెల్లటి పొడి కనిపిస్తే అదే. మాలులోకి చప్పటి నీళ్లు వాడమని నేను పోరేది ఇందుకే. పాపం కాల్గరీ వాళ్లకు దెబ్బ మీద దెబ్బ: మంచు కరగడానికి దారుల్లో చల్లే ఉప్పు కూడా గోడ మీద పడుతుంది.

అపోహ: ఊడిన చోట వాటర్‌ప్రూఫ్ పెయింట్ కొడితే సరి.

2021 నవంబరు వరదల తర్వాత ఇలా పెయింట్ కొట్టించుకున్న ఇళ్లు చాలా చూశాను. గోడ నిండా బుడగలు. చెమ్మ వచ్చేది వెనక నుంచి, మనం తలుపు వేసేది ముందు నుంచి. అనుమానముంటే మూరెడు ప్లాస్టిక్ కాగితం గోడకు పెట్టి నాలుగు వైపులా టేపు అంటించి ఒక రోజు వదిలేయండి. కాగితం లోపలి వైపు తడి కడితే నీళ్లు గోడలోవే. అసలు ఈ పూత నీళ్లు ఆపేది కాదు, అందానికి, గోడ పైపొరను కాపాడడానికి. మట్టి కింద గోడకు వాటర్‌ప్రూఫింగ్, నీళ్లు పోయే దారి వేరే పని.

క్యూరింగ్ గురించి ఒక్క మాట. మన మే ఎండలో పూసి రెండు రోజులు తడిపి వదిలేస్తే పొడి రాలుతుంది. గోనెసంచులు కట్టి కనీసం ఏడు రోజులు తడపాలి. అక్కడైతే 5 డిగ్రీల కంటే దిగితే పూత పని ముట్టుకోకూడదు, పూసింది గడ్డకట్టనివ్వకూడదు.

ఇంతకీ ఆ ఫొటోలు పెద్దవి చేసి చూస్తే, పూత ఊడిన మూలకు సరిగ్గా పైన వాననీటి గొట్టం. నీళ్లన్నీ గోడ మొదట్లోనే పడుతున్నాయి. అక్కడి మట్టి కూడా ఇంటివైపే వాలి ఉంది. ముందు గొట్టాన్ని ఆరడుగుల దూరం లాగించి, మట్టి వాలు బయటికి సరిచేయించమన్నాను. పూత జూన్‌లో చూద్దాం అన్నాను.