మందు మాన్పించే సెంటర్‌లో చేర్చే ముందు: అపోహలు - వాస్తవాలు

"సార్, మూడు నెలలు లోపల వేస్తే మారుతడా?" హనుమకొండలో సైకియాట్రిస్ట్‌గా నేను ఎక్కువగా వినే ప్రశ్న ఇది. జనగామ నుంచి వచ్చినా, భూపాలపల్లి నుంచి వచ్చినా కుటుంబాలు ముందు అడిగేది ఎన్ని నెలలు, ఎంత ఫీజు అనే. నేను అడగమని చెప్పేవి వేరే రెండున్నాయి. మొదటి వారం రాత్రిపూట ఆ సెంటర్‌లో మీ మనిషిని ఎవరు చూసుకుంటారు? ఇంటికి తిరిగొచ్చాక ఎవరు చూస్తారు? ఈ రెండింటికీ సూటిగా జవాబు రాని చోట చేర్చకండి.

అపోహ: తాగుడు మానాలంటే సెంటర్‌లో ఉండాల్సిందే

చాలామందికి ఆ అవసరం రాదు. ఇంట్లో ఒకరు దగ్గరుండి మాత్రలు వేయిస్తూ, రెండు మూడు రోజులకోసారి చూపిస్తూ ఉంటే ఓపీలోనే చికిత్స నడుస్తుంది. ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చినవాళ్లు, మతి తప్పి మాట్లాడినవాళ్లు, లివర్ దెబ్బతిన్నవాళ్లు, చచ్చిపోతానంటున్నవాళ్లు, ఓపీ చికిత్సతో నిలబడలేకపోయినవాళ్లు, చూసుకునే దిక్కు లేనివాళ్లు చేరాలి. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసి, 2019లో వెలువరించిన సర్వే ప్రకారం, మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సాయం అందుతోంది. సెంటర్ తప్ప దారి లేదనుకుని, ఆ ఫీజు కట్టలేక ఇంట్లోనే ఉండిపోయే కుటుంబాలు మన దగ్గర చాలా ఉన్నాయి. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆస్పత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది. ముందు అక్కడికో, దగ్గర్లోని సైకియాట్రిస్ట్ దగ్గరికో వెళ్లి, చేర్చాలా వద్దా అన్నది తేల్చుకోండి. ఆ మాట చెప్పాల్సింది డాక్టర్. సెంటర్ ఫోన్ ఎత్తే మనిషి కాదు.

అపోహ: గదిలో పెట్టి తాళం వేస్తే నాలుగు రోజుల్లో దానంతటదే దిగిపోతుంది

ఈ ఒక్క నమ్మకం ప్రాణాలు తీస్తుంది. రోజూ ఎక్కువ తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే, ఆరు గంటల నుంచి ఒక రోజు లోపు చేతుల వణుకు, చెమటలు, వాంతులు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు దాటి నాలుగో రోజు వరకు కొందరికి మతి చెదురుతుంది: లేని మనుషులు కనిపిస్తారు, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, జ్వరం, గుండె దడ పెరుగుతాయి. దీన్నే డెలిరియం ట్రెమెన్స్ అంటాం. సరైన మందులతో, డాక్టర్ కనిపెట్టుకుని ఉంటే దాదాపు అందరూ బయటపడతారు. తాళం వేసి వదిలేస్తే చనిపోయే ప్రమాదం ఉంది.

అయ్యప్ప మాల వేసుకునే కార్తీక మాసంలో ఇలాంటి కేసులు మా దగ్గరికి వస్తాయి. మాల వేసుకునే రోజు పొద్దున తాగుడు బంద్ చేస్తారు, రెండో రోజో మూడో రోజో వింతగా ప్రవర్తిస్తే స్వామి పూనాడనుకుని ఇంటివాళ్లు దండం పెడతారు. మాల వేసుకోవడాన్ని నేను ఎన్నడూ వద్దనను. ఆ 41 రోజుల నియమం మీద నిలబడి జీవితాంతం మానేసినవాళ్లున్నారు. కానీ రోజూ తాగే అలవాటున్న మనిషి మాలకు వారం పది రోజుల ముందే డాక్టర్‌ను కలిసి, మందులతో దించుకుని, ఆ తర్వాత వేసుకోవాలి.

కాబట్టి సెంటర్‌కు వెళ్లినప్పుడు ఇవి అడగండి: సైకియాట్రిస్ట్ వారానికి ఎన్నిసార్లు వస్తారు, రాత్రి డ్యూటీలో నర్సు ఉంటారా, ఫిట్స్ వస్తే ఏ ఆస్పత్రికి ఎంతసేపట్లో తీసుకెళ్తారు, సెలైన్ గ్లూకోజ్ పెట్టేముందు థయమిన్ (బీ1 విటమిన్) ఇంజెక్షన్ ఇస్తారా. ఆ చివరి ప్రశ్న విని విసుక్కునే చోట జాగ్రత్త. ఏళ్లుగా సరిగ్గా తినకుండా తాగిన ఒంట్లో ఈ విటమిన్ బాగా తగ్గిపోయి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతిని, జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోయే ముప్పు ఉంది.

"తాగేది కల్లే కదా సార్"

నిజామాబాద్, కామారెడ్డి, కరీంనగర్ వైపు నుంచి వచ్చేవాళ్లు ఎక్కువగా అనే మాట. చెట్టు నుంచి దించిన కల్లయితే వేరే సంగతి. చాలా దుకాణాల్లో దొరికేది ఆల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ అనే నిద్ర మందులు కలిపిన మత్తు నీళ్లు. 2015లో కల్తీ కల్లుపై దాడులు జరిగి సరఫరా ఆగిపోయినప్పుడు, ఈ జిల్లాల ఆస్పత్రులకు వణుకులతో, పిచ్చి చూపులతో, ఫిట్స్‌తో వందలమంది వచ్చారు. ఆల్ప్రజోలంకు అలవాటు పడ్డ ఒంటికి దాన్ని ఒక్కసారిగా ఆపకూడదు, డోసు తగ్గించుకుంటూ వారాల తరబడి దించాలి. అందుకే చేర్చేటప్పుడు ఏం తాగుతాడో, ఏ దుకాణంలోదో, రోజుకు ఎన్ని సీసాలో ఉన్నదున్నట్టు చెప్పండి. పరువు పోతుందని దాచిపెడితే డాక్టర్ తప్పుడు మందు మొదలుపెడతారు.

అపోహ: రాత్రిపూట కారులో వచ్చి ఎత్తుకెళ్లడం, కొట్టడం చికిత్సలో భాగమే

"పికప్" అంటారు దీన్ని. నలుగురు మనుషులు వచ్చి, నిద్రలో ఉన్న కొడుకును చేతులు కట్టి తీసుకెళ్తారు. అమ్మానాన్నలు ఎంత విసిగిపోతే దీనికి ఒప్పుకుంటారో నాకు తెలుసు. వాళ్లను నేను తప్పు పట్టను. కానీ ఇది చట్టం ఒప్పుకోని పని.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక సమస్యలను కూడా తన పరిధిలోకి తెచ్చింది. మనిషి ఒప్పుకోకపోయినా చేర్చాల్సిన పరిస్థితి ఉంటుంది: తనకు తాను హాని చేసుకోబోతున్నా, ఇతరులపై దాడి చేస్తున్నా, తనను తాను చూసుకోలేకపోతున్నా. అప్పుడు కూడా ఒక సైకియాట్రిస్ట్, మరో డాక్టర్ లేదా మానసిక ఆరోగ్య నిపుణుడు విడివిడిగా పరీక్షించి రాయాలి. అలా చేర్చుకోగలిగేది మొదట 30 రోజుల వరకే. గొలుసులతో కట్టడం పూర్తిగా నిషేధం. బలవంతంగా గుండు కొట్టించకూడదు, పనులు చేయించకూడదు. ఇంటివాళ్లను కలవడం, ఫోన్‌లో మాట్లాడడం అతని హక్కు.

"మొదటి నెల ఎవరూ రావద్దు, ఫోన్ కూడా చేయవద్దు" అనే సెంటర్ ఏదైనా సరే, నేను అక్కడికి ఎవరినీ పంపను. సందర్శన వేళలు పెట్టుకోవచ్చు, అది న్యాయమే. నెల రోజులు లోపల ఏం జరుగుతుందో బయటివాళ్లకు తెలియకూడదనడం వేరు. చేర్చే ముందే పడకలు, బాత్రూములు, వంటగది చూపించమనండి. అక్కడున్నవాళ్లలో ఒకరిద్దరితో సిబ్బంది లేకుండా మాట్లాడండి.

అపోహ: బోర్డు మీద "రిజిస్టర్డ్" అని ఉంటే చాలు

సొసైటీగా, ట్రస్ట్‌గా రిజిస్టర్ చేసుకున్న కాగితం చికిత్స చేసే అనుమతి కాదు. మీరు చూడాల్సింది రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ ఇచ్చిన రిజిస్ట్రేషన్. ఫోన్‌లో ఫొటో తీసుకుని, పేరు, చిరునామా, గడువు తేదీ సరిపోయాయో లేదో చూసుకోండి. మూడు నెలల డబ్బు ముందే కట్టమంటే ఒప్పుకోకండి.

కూరలో కలిపే పొడి

తెలియకుండా కలిపితే మానేస్తాడని అమ్మే మందుల జోలికి పోవద్దు. మద్యం ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరాం లాంటి మందు ఒంట్లో ఉండగా తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. తీసుకునే మనిషికి తెలిసి, అతను ఒప్పుకుంటేనే దాన్ని వాడాలి.

అపోహ: బయటికొచ్చి మళ్లీ తాగాడంటే డబ్బంతా దండగ

బీపీ మాత్రలు మానేస్తే బీపీ పెరుగుతుంది. దాన్ని డాక్టర్ తప్పనో, రోగి తప్పనో ఎవరూ అనరు. వ్యసనం కూడా తిరగబెట్టే గుణమున్న జబ్బే. ముఖ్యంగా మొదటి కొన్ని నెలల్లో. అందుకే సెంటర్ ఎంపికలో నేను అన్నిటికన్నా ఎక్కువ బరువు ఇచ్చేది డిశ్చార్జ్ తర్వాతి ప్లాన్‌కు. నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులు తాగాలనే కోరికను తగ్గిస్తాయి. అవి అవసరమా అని డిశ్చార్జ్ రోజే అడగండి. ఏ రోజు ఓపీకి రావాలో తేదీ రాయించుకోండి. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులకు ఫీజు ఉండదు, వాటి వివరం అడగండి.

ఒక చిన్న మాట: దసరాకు ముందు రోజు డిశ్చార్జ్ చేయించుకోకండి. పండుగకు ఇంట్లో ఉండాలని మీకు ఉంటుంది, నాకు అర్థమవుతుంది. కానీ మన దగ్గర దసరా అంటే యాట కూర, దాని పక్కన సీసా. బావమరుదులు, దోస్తులు "ఒక్క పెగ్గే" అంటారు. పండుగ అయిపోయాక తీసుకెళ్లండి, లేదా ఈ ఒక్క ఏడాది ఇంట్లో మందు లేకుండా చేసుకుంటామని అందరూ ముందే మాట్లాడుకోండి.

నొప్పి మాత్రలు, ఇంజెక్షన్ల మత్తుకు అలవాటు పడినవాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. కొన్ని వారాలు మానాక ఒంటికి పాత డోసు తట్టుకునే శక్తి పోతుంది. బయటికొచ్చి పాత లెక్కలోనే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు.

"గంజాయి అంటే పోలీసులకు చెప్తారేమో"

కాలేజీ పిల్లల తల్లిదండ్రుల భయం ఇది. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం మా బాధ్యత. కేసు నమోదైనా సరే, కొద్దిపాటి పరిమాణంతో దొరికిన వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన చోట చికిత్స పూర్తి చేసుకుంటే, ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తుపదార్థాల నిరోధక చట్టం) 64ఏ సెక్షన్ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. పిల్లవాడికి 18 ఏళ్లు నిండకపోతే పెద్దలతో కలిపి ఉంచకూడదు, ఇంటి నుంచి ఒకరు అతని వెంట ఉండాల్సిందే. "బాబును వదిలేసి మీరు వెళ్లండి" అన్నారంటే వెనక్కి తీసుకొచ్చేయండి.

అపోహ: ఆడవాళ్లకు ఈ సమస్య ఉండదు

పొలం పనుల నుంచి వచ్చి కల్లు తాగే తల్లులు, నిద్రమాత్రలకు అలవాటు పడ్డ చదువుకున్న ఆడపిల్లలు నా ఓపీకి వస్తారు, అదీ చివరి దశలో. వాళ్లను చేర్చాల్సి వస్తే ఆడవాళ్లకు వేరే వార్డు, రాత్రి డ్యూటీలో మహిళా సిబ్బంది ఉన్నారో లేదో స్వయంగా చూడండి. అలాంటి సెంటర్ దగ్గర్లో లేకపోతే జనరల్ ఆస్పత్రి సైకియాట్రీ వార్డు మేలు. ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే 14446 వ్యసన విముక్తి హెల్ప్‌లైన్‌కు గానీ, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అయిన 14416 టెలిమానస్‌కు గానీ ఫోన్ చేయండి. టెలిమానస్‌లో ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు.