కదలని గడియారం: హాకీ అంపైరింగ్ వెనక పాత తగవు

భారత గోల్‌కీపర్ సవితా పూనియా ఆ బంతిని ఆపేసింది. అందులో ఎవరికీ అనుమానం లేదు. 2022 ఆగస్టు 5న, బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల మహిళల హాకీ సెమీఫైనల్‌లో ఆస్ట్రేలియాతో ఆట 1-1 దగ్గర ఆగి షూటౌట్‌కి వెళ్లింది. అంటే ఒక్కో ఆటగత్తె గోల్‌కీపర్‌ని ఒంటరిగా ఎదుర్కొని ఎనిమిది సెకన్లలో గోల్ వేయాలి. మొదటి ప్రయత్నం ఆస్ట్రేలియాది. ఆంబ్రోసియా మలోన్ బంతితో దూసుకొచ్చింది, సవిత అడ్డుపడింది, గోల్ పడలేదు. మన అమ్మాయిల ముఖాలు వెలిగాయి. అంతలో గడియారం చూసే అధికారుల టేబుల్ దగ్గర్నుంచి కబురొచ్చింది. గడియారం మొదలుకాలేదట, మళ్లీ కొట్టాలట. రెండోసారి మలోన్ గోల్ వేసింది. ఆ తర్వాత మనవాళ్ల మూడు ప్రయత్నాలూ వృథా అయ్యాయి. షూటౌట్‌లో 3-0తో ఓడిపోయాం.

మూడుకు మూడూ పోగొట్టుకుని గడియారాన్ని తిడితే ‘ఆడలేక మద్దెల ఓడు’ అని ఎవరైనా అనొచ్చు. అనేవాళ్ల నోరు మూయించలేం. కానీ గోల్‌కీపర్‌కి షూటౌట్‌లో మొదటి బంతి ఆపడమంటే ఏమిటో హాకీ ఆడినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆపిన బంతిని ఆపనట్టు లెక్కగట్టడం మామూలుగా ఓడటం కంటే ఎక్కువ నొప్పి. ఆ జట్టులో రెండో గోల్‌కీపర్ మన తెలుగమ్మాయే, చిత్తూరు జిల్లా యనమలవారిపల్లి నుంచి వెళ్లిన ఇతిమరపు రజని. సవిత చేతిలోంచి ఏం జారిపోయిందో ఆమెకి తెలిసినంతగా మనకి తెలియదు.

అంతర్జాతీయ హాకీ సమాఖ్య మర్నాడే క్షమాపణ చెప్పింది. గడియారం సిద్ధం కాకముందే షూటౌట్ పొరపాటున మొదలైందనీ, ఇలాంటప్పుడు మళ్లీ కొట్టించడమే పద్ధతనీ, జరిగినదాన్ని క్షుణ్ణంగా సమీక్షిస్తామనీ చెప్పింది. వీరేంద్ర సెహ్వాగ్ మాత్రం తన ధోరణిలో ఒక చురక వేశాడు. మనం పెద్ద శక్తిగా ఎదిగేదాకా క్రికెట్‌లోనూ ఇలాంటి పక్షపాతమే ఉండేదనీ, హాకీలోనూ త్వరలో ఎదుగుతామనీ, అప్పుడు గడియారాలన్నీ వేళకే మొదలవుతాయనీ దాని సారాంశం. దేశమంతా చప్పట్లు కొట్టింది. వినడానికి బాగానే ఉంది. నిజమేనా అన్నదే ప్రశ్న.

నిజమో కాదో తేల్చాలంటే అంపైర్ అనేవాడు హాకీలో ఎక్కణ్నుంచి వచ్చాడో చూడాలి. ఇంగ్లండ్‌లో ఈ ఆట రూపుదిద్దుకుంటున్న రోజుల్లో అంపైర్ పని దాదాపు క్రికెట్ అంపైర్ పనే. ఆటగాడు అప్పీలు చేస్తేనే తీర్పు, అడక్కపోతే తప్పు కళ్లముందు జరిగినా నోరు మెదపడు. పెద్దమనుషుల ఆట కాబట్టి తప్పు చేసినవాడే ఒప్పుకుంటాడని నమ్మకం. ఆ నమ్మకం ఎంతకాలం నిలుస్తుంది? క్రమంగా అప్పీలు పోయింది, ఈల అంపైర్ చేతికొచ్చింది. నిబంధనలు రాసే బోర్డు 1900లో పుట్టింది. అందులో చాలాకాలం బ్రిటిష్ దీవుల సంఘాలదే పెత్తనం. పారిస్‌లో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది 1924లో అయినా, ఏది తప్పో ఏది కాదో రాసే కలం ఇంగ్లిష్ చేతుల్లోంచి ఒక పట్టాన కదల్లేదు.

ఈ కలం సంగతి మనకి ఎందుకంటే, 1928 నుంచి 1968 దాకా ఒలింపిక్ హాకీ స్వర్ణం ఉపఖండం దాటి పోలేదు. భారత్, తర్వాత పాకిస్తాన్, మళ్లీ భారత్, మళ్లీ పాకిస్తాన్. బంతిని స్టిక్‌కి అంటిపెట్టుకుని ఒళ్లు తిప్పుతూ ఒకరిద్దర్ని దాటిపోవడం మనవాళ్ల ఆట. నిబంధనల పుస్తకంలో మాత్రం ‘అబ్‌స్ట్రక్షన్’ అని ఒకటుంది. బంతికీ ప్రత్యర్థి స్టిక్‌కీ మధ్య నీ ఒంటిని అడ్డుపెట్టకూడదు. చదవడానికి తేలికే. కానీ పరుగులో ఉన్నవాడి భుజం ఎప్పుడు అడ్డయిందో, ఎప్పుడు సహజంగా తిరిగిందో ఎవరు చెప్పాలి? అంపైరే. ఒక అంపైర్‌కి అడ్డుగా కనిపించేది ఇంకొకరికి ఒడుపుగా కనిపిస్తుంది. మనవాళ్ల ఫిర్యాదుల్లో సగం ఈ ఒక్క నిబంధన చుట్టూనే తిరిగాయంటే అతిశయోక్తి కాదు. ఆ అంపైర్లందరూ మోసగాళ్లని చెప్పలేం. వాళ్లు పెరిగిన ఆట వేరు, వాళ్ల కన్ను అలవాటుపడింది వేరు.

ఈ మంట 1972 సెప్టెంబరు 10న మ్యూనిక్‌లో భగ్గుమంది. ఒలింపిక్ ఫైనల్‌లో పశ్చిమ జర్మనీ 1-0తో పాకిస్తాన్‌ని ఓడించింది. మైఖేల్ క్రౌజే పెనాల్టీ కార్నర్ మీద వేసిన గోల్ అది. 1920 తర్వాత ఓ యూరప్ జట్టుకి దక్కిన మొదటి స్వర్ణం. తీర్పులన్నీ తమకు ఎదురుగానే వచ్చాయని పాక్ ఆటగాళ్లు రగిలిపోయారు. సమాఖ్య అధ్యక్షుడు రెనే ఫ్రాంక్ మీద నీళ్లు కుమ్మరించారు. జర్మనీ జాతీయగీతం మోగుతుంటే వీపు తిప్పి నిలబడ్డారు. ఒకరిద్దరు వెండి పతకాన్ని బూటుకి తగిలించారు. పదకొండు మందిపై జీవితకాల నిషేధం పడింది, తర్వాత సడలించారు. చేసింది సిగ్గుమాలిన పనే. అయితే అప్పట్లో తప్పు తీర్పుని ప్రశ్నించడానికి వాళ్లకి వేరే దారేముంది? తీర్పుని మళ్లీ చూడమని అడిగే రెఫరల్ లేదు, తెర లేదు, రీప్లే లేదు. కోపం వెళ్లడానికి మనుషుల మీదికే దారి.

మూడేళ్లు తిరక్కుండా అదే పాకిస్తాన్‌కి ఇంకో దెబ్బ తగిలింది, ఈసారి మన చేతుల్లో. 1975 మార్చి 15, కౌలాలంపూర్, ప్రపంచకప్ ఫైనల్. 1-1 మీద ఉండగా ధ్యాన్‌చంద్ కొడుకు అశోక్ కుమార్ కొట్టిన బంతి గోల్‌పోస్టు లోపలి మూలకి తగిలి బయటికి వచ్చేసింది. గీత దాటిందా లేదా? దాటిందని అంపైర్ గోల్ ఇచ్చాడు. దాటలేదని పాక్ ఆటగాళ్లు చుట్టుముట్టారు. తీర్పు మారలేదు. ఇప్పటికీ భారత పురుషులు గెలిచిన ఏకైక ప్రపంచకప్ ఆ అంపైర్ కన్ను మీద నిలబడి ఉంది. మన పుస్తకాల్లో అది ‘చారిత్రక గోల్’. సరిహద్దు అవతల అదే బంతికి వేరే పేరుంటుంది. మన పక్షాన వచ్చిన తీర్పులకి మనం ఫిర్యాదులు రాసుకోం గదా.

ఆ తర్వాత ఆట మారిన తీరు అందరికీ తెలిసిందే. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో గడ్డి పోయి కృత్రిమ టర్ఫ్ వచ్చింది, మనం ఏడో స్థానానికి జారాం. టర్ఫ్ వల్ల మన కళ పాడైందన్న మాట ఎంత చర్చించినా తరగదు, దాన్ని పక్కన పెడదాం. అంపైరింగ్ వైపు నుంచి చూస్తే టర్ఫ్ తెచ్చిన మార్పు వేగం. బంతి వేగం పెరిగింది, మైదానంలో అంపైర్లు మాత్రం ఇద్దరే. ఒక్కొక్కరికి దాదాపు సగం మైదానం. బంతి రాకముందే ప్రత్యర్థి రక్షణ వరుస దాటి నిలబడకూడదనే ఆఫ్‌సైడ్ నిబంధనని 1990ల రెండో సగంలో తీసేయడంతో వాళ్ల మెడ మీది బరువు ఒకటి తగ్గింది. బంతినీ, అవతలి చివర వరుసనీ ఒకేసారి చూడాల్సిన బాధ తప్పింది.

ఇంకోవైపు బరువు పెరిగింది కూడా. కార్డుల సంగతే తీసుకోండి. హాకీలో మూడు రంగులు, మూడు ఆకారాలు. ఆకుపచ్చ త్రికోణం, పసుపుపచ్చ చతురస్రం, ఎర్రటి వృత్తం. ఒకప్పుడు ఆకుపచ్చ అంటే ఒట్టి హెచ్చరిక. ఇప్పుడు అంతర్జాతీయ మ్యాచుల్లో రెండు నిమిషాలు బయట కూర్చోవాలి. పసుపు ఐదు నిమిషాలు, తప్పు మరీ మొరటుదైతే పది. ఎరుపు చూపిస్తే ఆట అయిపోయినట్టే, బదులు మరొకరు రారు. 35 నిమిషాల అర్ధభాగాలు పోయి 2014లో పదిహేను నిమిషాల నాలుగు క్వార్టర్లు వచ్చాక పది నిమిషాల పసుపు కార్డు అంటే మొత్తం ఆటలో ఆరో వంతు. చేయి జేబులోకి వెళ్లేముందు అంపైర్ తూచుకోవాల్సింది పెరిగింది. మంచి అంపైర్లు అందుకే కార్డు తీయడం కంటే ముందు చాలా పనిచేస్తారు. ఈలని గట్టిగా ఊదడం, మెల్లగా ఊదడం, కెప్టెన్‌ని పిలిచి నాలుగు ముక్కలు చెప్పడం, తప్పు జరిగినా బంతి బాధిత జట్టు దగ్గరే ఉంటే చేయి చాపి ఆట సాగనివ్వడం. ఆట సజావుగా సాగినన్నాళ్లు ఈ పని ఎవరికీ కనిపించదు.

ఆ తర్వాత వీడియో వచ్చింది. మొదట అంపైర్‌కే అనుమానం వస్తే అడిగేది. 2012 లండన్ ఒలింపిక్స్ నాటికి జట్లు కూడా అడగొచ్చు. ఒక్క రెఫరల్, నీ మాట నెగ్గితే అది నీ దగ్గరే ఉంటుంది, ఓడితే పోతుంది. 23 మీటర్ల గీత లోపలి గోల్, పెనాల్టీ కార్నర్, పెనాల్టీ స్ట్రోక్‌ల విషయంలోనే అడగాలి. చిరకాలపు జబ్బుకి మందు దొరికిందనుకున్నారు. నిజానికి చాలా తప్పులు సరిదిద్దారు కూడా. 1975 గోల్‌కి ఇప్పుడైతే అంత రభస ఉండేది కాదు. కాకపోతే తగవు మైదానంలోంచి లేచి బయటికి నడిచింది. ఇంతకుముందు ఇద్దరు అంపైర్ల కళ్లు. ఇప్పుడు గదిలో కూర్చున్న మూడో మనిషి, టేబుల్ దగ్గర గడియారం నొక్కే నాలుగో మనిషి. షూటౌట్ కూడా అలాంటిదే. పాత పెనాల్టీ స్ట్రోక్‌కి గడియారంతో పనిలేదు. గుర్తు మీద బంతి పెట్టి ఒక్క దెబ్బ. 23 మీటర్ల గీత నుంచి బయలుదేరి ఎనిమిది సెకన్లలో గోల్ వేయమనే కొత్త పద్ధతి కళ్లకి ఎంత ఇంపుగా ఉన్నా, దాని ప్రాణం టేబుల్ మీదుంది. బర్మింగ్‌హామ్‌లో తప్పింది అక్కడే. అంపైర్ కన్ను పొరబడలేదు, సవిత చేయి పొరబడలేదు.

ఇప్పుడు సెహ్వాగ్ మాటకి వద్దాం. మనకి పలుకుబడి లేకే ఇలా జరుగుతోందా? 2018 ప్రపంచకప్ భువనేశ్వర్‌లో, మన కళింగ స్టేడియంలో జరిగింది. అప్పుడు అంతర్జాతీయ సమాఖ్య అధ్యక్షుడు భారతీయుడే. 2016లో ఎన్నికైన నరీందర్ బత్రా ఆ పదవిలో యూరప్ బయటి నుంచి వచ్చిన మొదటివాడు. అంతకంటే పలుకుబడి ఏముంటుంది? అయినా డిసెంబరు 13న నెదర్లాండ్స్ చేతిలో క్వార్టర్‌ఫైనల్ 2-1తో ఓడాక కోచ్ హరేంద్ర సింగ్ అంపైరింగ్ మీదే విరుచుకుపడ్డాడు. అమిత్ రోహిదాస్‌కి పది నిమిషాల పసుపు కార్డు ఎందుకిచ్చారో, మన్‌ప్రీత్‌ని వెనక నుంచి తోసినవాడికి కార్డు ఎందుకివ్వలేదో చెప్పమన్నాడు. సొంత గడ్డ, సొంత ప్రేక్షకులు, సొంత అధ్యక్షుడు. ఫిర్యాదు మాత్రం పాతదే.

ఆ రోహిదాస్ పేరే ఆరేళ్ల తర్వాత పారిస్‌లో మళ్లీ వినిపించింది. 2024 ఆగస్టు 4, ఒలింపిక్ క్వార్టర్‌ఫైనల్, గ్రేట్ బ్రిటన్‌తో. పదిహేడో నిమిషంలో రోహిదాస్ స్టిక్ బ్రిటన్ ఆటగాడు విల్ కాల్నన్ ముఖానికి తగిలింది. వీడియో అంపైర్ చూసి చెప్పాక ఎర్ర కార్డు. మిగిలిన నలభై మూడు నిమిషాలూ భారత్ పది మందితోనే ఆడింది. హర్మన్‌ప్రీత్ గోల్ వేశాడు, బ్రిటన్ తరఫున లీ మోర్టన్ సమం చేశాడు. ఇక మన గోల్‌కీపర్ శ్రీజేశ్ గోడలా నిలబడ్డాడు. షూటౌట్‌లో 4-2తో గెలిచాం.

గెలిచాక కూడా హాకీ ఇండియా ఫిర్యాదు పెట్టిందన్నదే ఇక్కడ గమనించాల్సింది. స్టిక్ తగిలిన విషయంలో వీడియో సమీక్షలు ఒక్కోసారి ఒక్కోలా ఉన్నాయన్నది ఒకటి. షూటౌట్ జరుగుతుంటే గోల్‌పోస్టు వెనక నుంచి బ్రిటన్ గోల్‌కీపర్‌కి సలహాలందాయన్నది రెండోది. అదే గోల్‌కీపర్ వీడియో టాబ్లెట్ వాడాడన్నది మూడోది. ఆ మూడింట్లో మైదానంలో ఈల పట్టుకున్నవాళ్ల మీద నేరుగా పడేది ఒక్కటీ లేదు. రోహిదాస్‌పై వేసిన ఒక మ్యాచ్ నిషేధం మీద అప్పీలు కూడా నిలబడలేదు. అతడు లేకుండా ఆడిన సెమీఫైనల్‌లో జర్మనీ 3-2తో నెగ్గింది. స్పెయిన్‌ని 2-1తో ఓడించి కాంస్యంతో తిరిగొచ్చారు.

నా మట్టుకు ఆ ఎర్ర కార్డు కఠినంగానే అనిపించింది. తెర మీద నెమ్మదిగా తిప్పి చూపిస్తే ప్రతి స్టిక్కూ కావాలని లేచినట్టే కనిపిస్తుంది. మామూలు వేగంలో చూస్తే సగం అనుకోకుండా తగిలినవే. ఏ వేగంలో చూసి ఉద్దేశాన్ని తేల్చాలన్నది వీడియో గదికి వదిలేస్తే, అబ్‌స్ట్రక్షన్ మీద జరిగిన పాత తగవే కొత్త పేరుతో నడుస్తుంది. దీనికీ ఏ దేశం పెద్దదన్నదానికీ సంబంధం లేదు.

బర్మింగ్‌హామ్ కథ సెమీఫైనల్‌తో ముగిసిపోలేదు. ఆగస్టు 7న కాంస్యం కోసం న్యూజిలాండ్‌తో ఆడారు. 1-0తో గెలుపు దాదాపు చేతికొచ్చింది, ఆఖరి సెకన్లలో పెనాల్టీ స్ట్రోక్ ఇచ్చేసి 1-1కి వచ్చారు. మళ్లీ షూటౌట్, మళ్లీ గోల్ ముందు సవిత. ఈసారి గడియారం పేరు ఎవరూ ఎత్తలేదు. షూటౌట్‌లో 2-1. పదహారేళ్ల తర్వాత ఆ క్రీడల్లో మన అమ్మాయిలకి పతకం వచ్చింది.