బావి తవ్విన చోట

చైనాలోని షియాన్ నగరానికి తూర్పున ముప్పై, నలభై కిలోమీటర్ల దూరంలో ఉంది మట్టి సైన్యం. అక్కడ మొదటి గొయ్యి ముందు జనమంతా సైనికుల వరుసల వైపు తోసుకుంటుంటే, మా నాన్న పక్కనున్న చిన్న బోర్డు దగ్గర ఆగిపోయారు. 1974 మార్చిలో రైతులు బావి తవ్విన చోటు అది. వానల్లేక, నీళ్ల కోసం తవ్వుతుంటే కాల్చిన మట్టి బొమ్మల ముక్కలు, కంచు బాణపు ములుకులు బయటపడ్డాయి. "నీళ్లు పడ్డాయటనా?" అని అడిగారు నాన్న. గుంటూరు జిల్లాలో నలభై ఏళ్లు మిరప వేసిన మనిషికి ముందు వచ్చే ప్రశ్న అదే.

ఆ గొయ్యి పొడవు 230 మీటర్లు, వెడల్పు 62. మూడు గోతుల్లో కలిపి దాదాపు 8,000 మంది సైనికులు ఉంటారని అంచనా. ఎక్కువమంది ఇంకా మట్టి కిందే ఉన్నారు. క్రీ.పూ. 221లో చైనాను ఏకం చేసిన చిన్ షి హువాంగ్ సమాధికి కాపలా వీళ్లు. మొండెం లోపల బోలుగా ఉంటుంది, తల విడిగా చేసి అమర్చారు. పని చేయించిన మేస్త్రీల పేర్లు కొన్ని బొమ్మల మీద ఇప్పటికీ చదవొచ్చు.

"తాతయ్యా, వీళ్లకి రంగులెందుకు వెయ్యలేదు?" అంది మా అమ్మాయి. వేశారు. ఎరుపుకు ఇంగిలీకం, ఆకుపచ్చకు రాగి ఖనిజం, తెలుపుకు కాల్చిన ఎముక. ఊదా రంగు మాత్రం బేరియం, రాగి, ఇసుక కలిపి కొలిమిలో తయారు చేసుకున్నది. రెండు వేల రెండు వందల ఏళ్ల కిందటి ఆ కొలిమి పనితనం తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. మట్టి మీద ముందు లక్క చెట్టు పాలు పూత పూసి, దానిపైన ఈ రంగులు అద్దారు. చిక్కంతా ఆ పూతతోనే. ఇన్ని శతాబ్దాలు తడి నేలలో ఉండి ఉండి అది నీళ్లు పీల్చుకుంది. తవ్వి బయటికి తియ్యగానే పొడి గాలి తగిలి ఆ నీళ్లు ఆవిరైపోతాయి. పూత ముడుచుకుని, చుట్టుకుని, రంగుతో సహా పొలుసులుగా రాలిపోతుంది. కొద్ది నిమిషాలు చాలు. తొలి రోజుల్లో తవ్వినవాళ్ల కళ్లెదుటే అలా పోయింది. తర్వాత చైనా, జర్మనీ నిపుణులు కలిసి దారి కనిపెట్టారు. బొమ్మ ఆరకముందే పాలీఇథిలిన్ గ్లైకాల్ ద్రావణం పట్టిస్తారు. పూతలో నీళ్లున్న చోటల్లా అది చేరి నిలబడుతుంది, త్వరగా ఆవిరైపోదు.

సైనికుల చేతుల్లోని కంచు ఆయుధాలు కొన్ని ఇప్పటికీ మెరుస్తున్నాయి. వాటి మీద క్రోమియం కనిపించింది కాబట్టి, తుప్పు పట్టకుండా ఆనాడే క్రోమియం పూత వేశారని చాలాకాలం చెప్పుకున్నారు. 2019లో వెలువడిన పరిశోధన అది సరికాదని తేల్చింది. ఆ క్రోమియం పక్కనున్న లక్క నుంచి అంటుకున్నదట. కంచును కాపాడింది అందులోని తగరం, చుట్టూ ఉన్న మట్టి. ఈ వివరణే నాకు ఎక్కువ నచ్చింది. ఇది లోయెస్ నేల. ఉత్తరపు ఎడారుల నుంచి గాలి లక్షల ఏళ్లుగా మోసుకొచ్చి పరిచిన సన్నటి ధూళి. క్షారగుణం ఉంది, కుళ్లే చెత్త తక్కువ. సమాధి గుట్ట దగ్గర దానిమ్మ చెట్ల కింద నాన్న చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపారు. "పిండిలా ఉంది. మన రేగడైతే ఎండకి నెర్రెలిచ్చేది" అన్నారు.

ఆ గుట్ట కిందే చక్రవర్తి ఉన్నాడు. ఇంతవరకూ తెరవలేదు. లోపల పాదరసంతో నదులు, సముద్రాలు పారించారని తర్వాతి హాన్ రాజవంశ కాలపు చరిత్రకారుడు సీమా చియాన్ రాశాడు. గుట్ట మట్టిని పరీక్షిస్తే పాదరసం మామూలు కంటే బాగా ఎక్కువగానే కనిపించింది. పాదరసం విషం, అదొక భయం. రంగులకు జరిగిందే లోపలి వస్తువులకూ జరిగితే ఎలా అన్నది అంతకంటే పెద్ద భయం. ఆగడమే మంచిదని నేనూ అంటాను.

మర్నాడు నగరంలోని పెద్ద హంస పగోడాకు వెళ్లాం. హ్యూయన్‌త్సాంగ్ 645లో భారతదేశం నుంచి 657 బౌద్ధ గ్రంథాలతో తిరిగొచ్చాడు. వాటిని భద్రపరచడానికి 652లో కట్టిందిది. ఆయన మన ధాన్యకటకంలో, అంటే అమరావతి దగ్గర, కొన్నాళ్లుండి అభిధర్మం, అంటే బౌద్ధ తత్వశాస్త్రం, చదువుకున్నాడు. ఆ సంగతి చెప్పగానే నాన్న చెప్పులు విడిచి నమస్కారం పెట్టారు.

తల ఎత్తి చూస్తే 64 మీటర్ల ఆ కట్టడం కాస్త ఒరిగినట్టు తెలుస్తుంది. వాలు పాతదే, ఇరవయ్యో శతాబ్దంలో బావుల వల్ల ఎక్కువైంది. నగరం పెరిగేకొద్దీ భూగర్భ జలం తోడేశారు. మట్టి రేణువుల మధ్య ఖాళీల్లోని నీరు పైబరువులో కొంత మోస్తుంది. నీరు పోతే ఆ బరువంతా రేణువుల మీదే పడి, పొరలు అణిగి నేల కుంగుతుంది. కుంగడం అన్ని వైపులా ఒకేలా ఉండదు. 1990లలో పైకొస ఉండాల్సిన చోటు నుంచి దాదాపు మీటరు పక్కకు జరిగింది.

తర్వాత చిన్‌లింగ్ కొండల నుంచి నది నీళ్లు తెచ్చుకుని, నగరంలో బావులు మూయించారు. నీటిమట్టం మళ్లీ పైకి రావడం మొదలైంది. పగోడా ఏడాదికి మిల్లీమీటరు లెక్కన నిటారవుతోంది.