చెత్త వేరు చేయించేది చదువా, చెత్త బండా?

ఇల్లిల్లూ తిరిగి తడి చెత్త ఇందులో, పొడి చెత్త అందులో అని చెప్పడమే నా ఉద్యోగం. ఏ వార్డుకెళ్లినా తిప్పి తిప్పి అవే మాటలు వింటుంటాను. వాటిలో కొన్ని ఇవి.

అపోహ: చదువుకున్నవాళ్లు వేరు చేస్తారు, బస్తీల్లో చెయ్యరు.

బస్తీ ఇళ్లలో అట్టపెట్టెలు, సీసాలు, పాత ఇనుము అసలు చెత్తలోకే రావు. పాత సామాన్లవాడికి పోతాయి. అపార్ట్‌మెంట్లలో సంగతి వేరు. అక్కడ నియమాలు తెలిసింది ఇంటావిడకి, చెత్త ముట్టుకునేది పనిమనిషి. మొదట్లో నేనూ ఇంటావిడలకే మీటింగులు పెట్టి, టీ తాగి వచ్చేసేవాణ్ణి. ఓ రోజు ఒకింట్లో పనిచేసే ఆమెనే అడిగాను. "ఆకుపచ్చ డబ్బా సింకు కింద ఉంది సార్, నీలంది బాల్కనీలో ఉంది. తడి చేతుల్తో పాల ప్యాకెట్ పట్టుకుని అంత దూరం ఎవరు పోతారు?" అంది. వంటింటి తలుపుకి ఓ మేకు కొట్టి, పొడి చెత్తకి పాత బియ్యం సంచి తగిలించాం. సమస్య తీరిపోయింది. అవగాహన లోపం అని నేను రిపోర్టుల్లో రాసిన వాటిలో సగం ఈ పది అడుగుల దూరమే అయ్యుంటుంది.

అపోహ: డబ్బాలు పంచితే పనైపోయినట్టే.

హైదరాబాద్‌లో ఇంటికి రెండేసి, 2021 తర్వాత ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో మూడేసి డబ్బాలు పంచారు. ఇప్పుడు వెళ్లి చూస్తే ఒకదాంట్లో బియ్యం, ఇంకోదాంట్లో బాత్రూం నీళ్లు కనిపిస్తాయి. మంచి డబ్బా చెత్తకెందుకు అనుకోవడంలో తప్పేముంది!

అపోహ: మనం వేరు చేసినా బండిలో కలిపేస్తారు.

దీన్ని అపోహ అనడానికి నాకు నోరు రాదు. చాలాచోట్ల నిజమే. ఒక వార్డులో మూడు వారాలు గడపగడపకీ తిరిగి అలవాటు చేశాం. ఒక రోజు రోజూ వచ్చే మనిషి సెలవు పెట్టాడు. బదులొచ్చిన అతను రెండు డబ్బాలూ ఒకే అరలో బోర్లించాడు. గేటు దగ్గర నిలబడి చూసింది నలుగురే, తెల్లారేసరికి వీధంతా తెలిసిపోయింది. మళ్లీ దారికి తేవడానికి రెండు నెలలు పట్టింది. నా అనుభవంలో ఇళ్లవాళ్లు వేరు చెయ్యడం బండిలో అడ్డుగోడ ఉందా, రోజూ ఒకే మనిషి ఒకే టైంకి వస్తున్నాడా అన్న రెండింటి మీదే ఆధారపడుతుంది. ఆఫీసుకెళ్లేవాళ్లు తాళం వేశాక బండి వస్తే, చెత్తంతా ఒకే కవర్లో మూటగట్టి కరెంటు స్తంభం కిందకి చేరుతుంది.

రాత్రిపూట కుండీలో పడేసేవాణ్ణి ఎవరూ చూడరు. గేటు దగ్గర చేతికిచ్చేటప్పుడు మాత్రం అవతల ఓ మనిషి ముఖం ఉంటుంది. "ఏంటమ్మా, చికెన్ ఎముకలు పొడి దాంట్లో వేశారు?" అని ఆ మనిషి ఒక్కసారి అంటే, అది నా పది కరపత్రాల పెట్టు. 2000ల మొదట్లో సూర్యాపేట కుండీల్లేని పట్టణంగా పేరు తెచ్చుకోవడంలో ఈ కిటుకు కూడా ఉందని నా నమ్మకం.

అపోహ: జరిమానా వేస్తేనే జనం మారతారు.

దక్షిణ కొరియా 1995 నుంచి చెత్త సంచికింత అని డబ్బు తీసుకుంటోంది. కానీ రీసైకిల్ అయ్యేవి వేరు చేసి ఇస్తే వాటికి సంచి కొనక్కర్లేదు, అంటే వేరు చేసినవాడికి ఖర్చు తగ్గుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో మొదలై, 2024 చివర్లో రద్దయిన చెత్త పన్నులో ఆ మెలిక లేదు. వేరు చేసినా, చెయ్యకపోయినా కట్టేది అంతే. ఇక జనానికి గుర్తుండేది పన్నొక్కటే కదా.

అపోహ: ఎలాగూ కుళ్లేదేగా, కలిస్తే ఏమైంది?

సాంబారు పడ్డ అట్టపెట్టెని ఎవడూ కొనడు. తడి చెత్త గుట్టలో గాలి ఆడక కుళ్లితే మీథేన్ అనే మండే వాయువు పుడుతుంది, డంపింగ్ యార్డుల్లో మంటలకి అదో కారణం.

అపోహ: డైపర్లు, బ్లేళ్లు పొడి చెత్తే కదా, అలాగే వేసెయ్యొచ్చు.

పొడి చెత్తని చేతుల్తో ఏరేవాళ్లుంటారు. డైపర్, ప్యాడ్ పేపర్లో గట్టిగా చుట్టి, పైన పెన్నుతో ఎర్ర చుక్క పెట్టి విడిగా ఇవ్వండి. పగిలిన గాజు, బ్లేళ్లు అట్టపెట్టెలో పెట్టి, ఇచ్చేటప్పుడు నోటితో చెప్పండి. మా షెడ్డులో ఏరే ఆమెకి కిందటి నెల బొటనవేలికి మూడు కుట్లు పడ్డాయి.